శిష్యుల కోసం రాసిన లెక్కలు: భాస్కరాచార్యుడి పేరు ఎందుకు నిలిచింది

మహారాష్ట్రలో చాళీస్‌గావ్ దగ్గర పాట్ణే అనే చిన్న ఊరుంది. అక్కడి భవానీ గుడిలో ఉన్న ఒక శిలాశాసనాన్ని భావు దాజీ అనే పండితుడు 19వ శతాబ్దంలో చదివి, 1865లో లోకానికి చెప్పాడు. శ్రావణ పౌర్ణమి నాడు, చంద్రగ్రహణ సమయంలో, నికుంభ వంశపు పాలకుడు సోయిదేవుడు అందరి ఎదుటా చేతిలో నీళ్లు ధారపోసి ఒక మఠానికి దానం చేశాడని అందులో ఉంది. ఆ సంవత్సరం 1207. అంగట్లో కొనేవాళ్ల దగ్గర రాజుకు రావలసిన సుంకం ఇకనుంచి మఠానికి వెళ్తుంది. ఊళ్లో ఆడే ప్రతి గానుగా గరిటెడు నూనె ఇవ్వాలి. శాసనం చాలావరకు సంస్కృతంలోనే ఉన్నా, ఈ సుంకాలు, నూనె సంగతులు మాత్రం జనానికి అర్థమయ్యేలా అప్పటి మరాఠీలో చెక్కారు.

ఇంతకూ ఆ మఠంలో జరిగే పని పాఠం చెప్పడం. పన్నెండో శతాబ్దపు గణిత, ఖగోళ పండితుడు భాస్కరాచార్యుడు రాసిన సిద్ధాంత శిరోమణి మొదలైన గ్రంథాలను, అతని వంశం వాళ్లు రాసిన మరికొన్నింటిని అక్కడ తప్పకుండా వివరించి చెబుతుండాలి. 'వ్యాఖ్యేయా మన్మఠే నియతమ్' అన్నది శాసనంలోని మాట. మఠం పెట్టినవాడు చాంగదేవుడు, భాస్కరుడి మనవడు. ఒక గణిత పండితుడి పుస్తకాలు చెప్పడానికి ఊరి గానుగల నుంచి నూనె రావడం మామూలు విషయం కాదు. భాస్కరుడి కీర్తి గురించి మాట్లాడేటప్పుడు అందరూ అతని ఆవిష్కరణలతో మొదలుపెడతారు. కానీ ఆ కీర్తి ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఎలా నిలిచిందో తెలియాలంటే ముందు ఈ గానుగ నూనె దగ్గర ఆగాలి.

అతని పుట్టుక గురించి వెతుక్కోవలసిన అవసరం లేదు. తనే చెప్పుకున్నాడు, అదీ లెక్కల పద్ధతిలోనే. 'రస గుణ పూర్ణ మహీ' అన్నాడు. రసాలు ఆరు, గుణాలు మూడు, పూర్ణం అంటే సున్నా, మహి అంటే భూమి కాబట్టి ఒకటి. అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే శకం 1036 వస్తుంది. అంటే క్రీ.శ. 1114. ఆ వెంటనే 'రస గుణ' వర్షాల వయసులో, అంటే 36వ ఏట, సిద్ధాంత శిరోమణి రాశానన్నాడు. అంటే 1150. మన ప్రాచీన పండితుల్లో చాలామంది కాలం తేల్చడానికి చరిత్రకారులు తలలు పట్టుకోవాల్సి వస్తుంది. భాస్కరుడు ఆ శ్రమ ఎవరికీ మిగల్చలేదు.

ఊరు సహ్య పర్వతం అండన ఉన్న విజ్జడవిడమని, గోత్రం శాండిల్యమని, తండ్రీ గురువూ మహేశ్వరుడేనని కూడా చెప్పాడు. ఆ విజ్జడవిడం ఇప్పటి ఏ ఊరన్నదానిపై వాదన ఉంది. కొందరు కర్ణాటకలోని బీజాపూర్ అంటారు. కొందరు పాట్ణే చుట్టుపక్కల ప్రాంతమే అంటారు. శాసనం దొరికిన చోటు, సహ్యాద్రి ప్రస్తావన రెండూ కలిపి చూస్తే రెండో వాదనే బలంగా కనిపిస్తుంది.

శాసనంలో వంశవృక్షం కూడా ఉంది. త్రివిక్రముడితో మొదలై తొమ్మిది తరాలు. వాళ్లలో ఒకరికి భోజరాజు 'విద్యాపతి' బిరుదు ఇచ్చాడు. భాస్కరుడి కొడుకు లక్ష్మీధరుడు దేవగిరి యాదవరాజు జైత్రపాలుడి కొలువులో పండితులకు పెద్ద. కాకతీయ గణపతిదేవుణ్ణి కొన్నాళ్లు బందీగా ఉంచి, తర్వాత విడిచిపెట్టి ఓరుగల్లు ఏలుకోనిచ్చింది ఆ జైత్రపాలుడే. గణపతిదేవుడు దేవగిరి చెరలో ఉన్న రోజుల్లో భాస్కరుడి కొడుకు అదే రాజు కొలువులో ఉన్నవాడు. తెలుగు చరిత్ర, గణిత చరిత్ర అంత దగ్గరగా వచ్చిన చోటు ఇంకొకటి చెప్పడం కష్టం. లక్ష్మీధరుడి కొడుకు చాంగదేవుడు సింఘణ రాజుకు ఆస్థాన జ్యోతిషుడయ్యాడు. చదువు ఈ ఇంట్లో ఆస్తిలా తరం నుంచి తరానికి దిగింది.

సిద్ధాంత శిరోమణి నాలుగు భాగాలు: లీలావతి, బీజగణితం, గ్రహగణితం, గోలాధ్యాయం. మొదటిది అంకగణితం, కొలతలు. రెండోది ఇప్పటికీ బడిలో అదే పేరుతో చెప్పుకునే బీజగణితం. చివరి రెండూ ఖగోళం. 69 ఏళ్ల వయసులో కరణ కుతూహలం అనే మరో ఖగోళ గ్రంథం రాశాడు. పంచాంగం గుణించేవాళ్లు సులువుగా వాడుకునేలా చేసిన పుస్తకం అది. ఆ వయసులో కూడా అతని చూపు వాడుకునేవాడి మీదే ఉంది.

లీలావతి తెరిస్తే మొదట వచ్చే లెక్క కూడిక, తీసివేత. 'అయే బాలే లీలావతి' అని పిలిచి, 2, 5, 32, 193, 18, 10, 100 కలిపితే ఎంత, దాన్ని 10,000 లోంచి తీసేస్తే ఎంత అని అడుగుతాడు. 360, 9,640. రెండో తరగతి పిల్లలు చేసే లెక్కే. కానీ అంకెల స్థానాలు తెలియనివాడికి ఆ 193, 100 పక్కపక్కన 2, 5 పెట్టి కలపడం దగ్గరే తడబాటు వస్తుంది. గురువుకు ఆ తడబాటు ఎక్కడ వస్తుందో తెలుసు.

కొంచెం ముందుకు వెళ్తే ఒక బాటసారి కనిపిస్తాడు. ఓ కోమటీ, ద్రమ్మానికి బియ్యం మూడున్నర మానకలు, పెసలు ఎనిమిది మానకలు కదా. ఇవిగో పదమూడు కాకిణులు. రెండు వంతుల బియ్యం, ఒక వంతు పెసలు తొందరగా ఇయ్యి. తొందరగా తిని బయల్దేరాలి, మా బిడారు ముందుకు వెళ్లిపోతోంది! ఇదీ శ్లోకం సారం. రెండు వంతుల బియ్యానికి ఒక వంతు పెసలు అంటే పులగమే. మానక అన్న మాట మన మానికకు చుట్టంలా వినిపిస్తుంది. ద్రమ్మానికి అరవైనాలుగు కాకిణులు. తెలుగు లెక్కల్లో కాని అన్నా అరవైనాలుగో వంతే.

లెక్క చేసి చూస్తేనే దాని అందం తెలుస్తుంది. బియ్యం రెండు మానకల ధర ద్రమ్మంలో ఏడింట నాలుగు వంతులు. పెసలు ఒక మానక ధర ఎనిమిదో వంతు. రెండూ కలిపితే 39/56 ద్రమ్మం. చేతిలో ఉన్నది 13/64 ద్రమ్మం. 39లో 13 మూడుసార్లు పోతుంది, 56, 64 రెండింటిలోనూ 8 పోతుంది. చివరికి పెసలు 7/24 మానక, బియ్యం 7/12 మానక. బియ్యానికి పది కాకిణులూ మూడింట రెండు వంతులు, పెసలకు రెండు కాకిణులూ మూడో వంతు. మొత్తం సరిగ్గా పదమూడు. భిన్నాలు చూడ్డానికి భయపెట్టినా ఎక్కడికక్కడ కొట్టివేతకు లొంగేలా అంకెలు ఎంచుకున్నాడు. ఇలాంటి లెక్క కూర్చడానికి గణితం వస్తే చాలదు, పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పి ఉండాలి. ఆ తొందర కూడా ఊరికే పెట్టింది కాదు. బిడారు వెళ్లిపోతోందంటే వినేవాడికి కూడా టెన్షన్ మొదలవుతుంది, జవాబు తేలేదాకా లేవబుద్ధి కాదు.

తుమ్మెదల లెక్క మరీ ప్రసిద్ధం. గుంపులో అయిదో వంతు కడిమి పువ్వు మీదికి, మూడో వంతు శిలీంధ్రమనే పువ్వు మీదికి, ఆ రెంటి తేడాకు మూడు రెట్లు కొండమల్లె మీదికి వెళ్లాయి. మిగిలిన ఒక్క తుమ్మెద మొగలి వాసన ఒకవైపు, మాలతి వాసన ఒకవైపు లాగుతుంటే ఆకాశంలో అటూ ఇటూ తిరుగుతోంది. మొత్తం ఎన్ని? పదిహేను. ఇంకో లెక్కలో తొమ్మిది మూరల స్తంభం మీద నెమలి, స్తంభం మొదట్లో పాము పుట్ట. ఇరవై ఏడు మూరల దూరం నుంచి పుట్టకేసి వస్తున్న పాము మీదికి నెమలి ఏటవాలుగా దూకుతుంది. ఇద్దరూ సమాన దూరం పోతే పట్టుబడేది పుట్టకు ఎన్ని మూరల్లో? పన్నెండు. లంబకోణ త్రిభుజం సూత్రం ఒకసారి ఇలా చూసినవాడు దాన్ని మళ్లీ మరచిపోడు.

ఇక లీలావతి ఎవరన్న ప్రశ్న. తెలుగు నాట ఈ పేరు తెలిసినవాళ్లలో చాలామందికి గుర్తుండేది లెక్కలు కాదు, పెళ్లి కథ. కూతురి జాతకంలో దోషం ఉందని భాస్కరుడు ఒకే ఒక్క మంచి ముహూర్తం లెక్కగట్టాడట. నీళ్ల గిన్నెలో గడియకుడుక వదిలాడు. అడుగున సన్నని చిల్లు ఉన్న ఆ కుడుక నిండి మునిగిపోతే ముహూర్తం వచ్చినట్టు. లీలావతి ఆసక్తితో వంగి చూస్తుంటే నగలోంచి ఒక ముత్యం జారి అందులో పడి చిల్లును మూసేసింది. కుడుక మునగలేదు, ముహూర్తం దాటిపోయింది. నీ పేరు శాశ్వతంగా నిలిచేలా పుస్తకం రాస్తానని తండ్రి ఓదార్చాడు.

కథ మనసును పట్టుకుంటుంది, నిజమే. కానీ ఇది భాస్కరుడి పుస్తకంలో లేదు, మనవడి శాసనంలో లేదు. అక్బరు ఆజ్ఞ మీద ఫైజీ 1587లో లీలావతిని పారసీలోకి అనువదిస్తూ ముందుమాటలో చెప్పాడు. అంటే పుస్తకం పుట్టిన నాలుగు వందల ముప్ఫై ఏళ్లకు పైగా గడిచాక. మూలంలో ఆమెను కూతురని ఎక్కడా అనలేదు. 'బాలే' అని పిలిచిన నోటితోనే తుమ్మెదల లెక్కలో 'కాంతే' అని కూడా పిలుస్తాడు. వేరే లెక్కల్లో 'సఖే' అంటాడు, వర్తకుణ్ణి పిలుస్తాడు. ఆ పిలుపుల్నీ పెళ్లి కథనూ ఒకచోట అతకడం కష్టం. లీలావతి అన్న మాటకు సొగసు, ఆట నిండినది అన్న అర్థం ఉంది కాబట్టి అది పుస్తకానికి పెట్టుకున్న పేరు మాత్రమే కావచ్చు కూడా. కథను పిల్లలకు కథగా చెప్పడంలో తప్పులేదు. చరిత్రగా పాఠ్యపుస్తకాల్లో ఎక్కించడమే ఇబ్బంది. మనసును పట్టుకునేది కావాలంటే మూలంలోనే బిడారు వెనకాల పరుగెత్తే బాటసారి ఉన్నాడు.

ఇప్పుడు అతని గణిత ప్రతిభలో తలమానికమైనదాన్ని చూద్దాం. ఒక సంఖ్య వర్గాన్ని 61తో గుణించి 1 కలిపితే వచ్చేది కూడా ఒక వర్గమే కావాలి. అలాంటి పూర్ణ సంఖ్యలు ఏవి? చిన్నచిన్న సంఖ్యలు వేసుకుంటూ పోతే జీవితకాలం సరిపోదు. ఎందుకంటే అతి చిన్న జవాబే 22,61,53,980. దానికి జోడు 176,63,19,049. భాస్కరుడి బీజగణితంలో ఈ జవాబు ఉంది. అతను వాడిన పద్ధతి పేరు చక్రవాలం.

మొదలు చాలా చిన్నది. 1 వర్గాన్ని 61తో గుణించి 3 కలిపితే 64, అంటే 8 వర్గం. కావలసింది 1 కలపడం, మనకు 3 వచ్చింది. ఇక్కడి నుంచి ఆ 3ను మార్చుకుంటూ పోవాలి. 8తో కలిపితే 3తో నిశ్శేషంగా భాగింపబడేలా, దాని వర్గం 61కి దగ్గరగా ఉండేలా ఒక సంఖ్య వెతుకుతారు. 7 సరిపోతుంది. 8, 7 కలిపి 3తో భాగిస్తే 5. 8, 7 గుణించి 61 కలిపి 3తో భాగిస్తే 39. ఇదీ కొత్త జత. అయిదు వర్గం 25, దాన్ని 61తో గుణిస్తే 1,525. 39 వర్గం 1,521. తేడా నాలుగు తక్కువ. ఒకే అడుగులో అంత దగ్గరికి వచ్చేశాం. ఇలా నాలుగు తేడా వచ్చిందంటే, అంతకు అయిదు శతాబ్దాల ముందు 628లో బ్రహ్మగుప్తుడు చెప్పిన, రెండు జతలను గుణించి కొత్త జత రాబట్టే భావన అనే పద్ధతితో రెండు మూడు గుణకారాల్లో ఆ పదంకెల సంఖ్య బయటపడుతుంది. ఫ్రాన్సులో ఫెర్మా 1657లో తోటి గణితవేత్తలకు సవాలుగా విసిరిన లెక్కల్లో ఇదే 61 ఉంది. అప్పటికి భాస్కరుడు జవాబు రాసి 507 ఏళ్లు.

అయితే ఇక్కడ ఒక మాట దాటవేయకూడదు. చక్రవాలం భాస్కరుడు కనిపెట్టింది కాదు. 1073లో రాసిన ఒక వ్యాఖ్యానంలో ఉదయదివాకరుడు జయదేవుడనే ఆచార్యుడి శ్లోకాలు ఉదహరించాడు, ఈ పద్ధతి అందులోనే ఉంది. ఆ సంగతి కె.ఎస్. శుక్లా 1954లో బయటపెట్టేదాకా ఆధునిక పండితులకు తెలియదు. భాస్కరుడు మాత్రం దాచుకోలేదు. 'చక్రవాలమిదం జగుః' అన్నాడు. దీన్ని చక్రవాలమని అంటారు అని. నేను పెట్టిన పేరు అనలేదు.

జయదేవుడి గ్రంథం దొరకలేదు. ఇంకొకరి వ్యాఖ్యానంలో చిక్కుకున్న కొద్ది శ్లోకాలే అతని ఆస్తి. అంత గొప్ప పద్ధతి చెప్పినవాడి పేరు తొమ్మిది వందల ఏళ్లు వినిపించకుండా పోయింది, ఆ పద్ధతిని పుస్తకంలో చేర్చినవాడి పేరు ఇంటింటికీ తెలిసింది. ఇది అన్యాయమే. కానీ ఎలా జరిగిందో బీజగణితం చివరి శ్లోకాల్లో కనిపిస్తుంది. బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, పద్మనాభుడు రాసిన బీజగణితాలు అతి విస్తారంగా ఉన్నాయి కాబట్టి, వాటి సారం తీసి, మంచి యుక్తులతో, చిన్నదిగా, 'శిష్యతుష్ట్యై' రాశానని భాస్కరుడు చెబుతాడు. శిష్యుల తృప్తి కోసం. ముందువాళ్ల పేర్లు చెప్పాడు, తను చేసిన పని ఏమిటో చెప్పాడు, ఎవరి కోసం చేశాడో చెప్పాడు. అతని తర్వాత శ్రీధరుడి బీజగణితాన్నీ పద్మనాభుడిదాన్నీ రాసుకునేవాళ్లు తగ్గిపోయారు, ఆ రెండూ మనకు మిగల్లేదు. తాటాకు పుస్తకానికి ఆయుష్షు తక్కువ. ఎవరో ఒకరు మళ్లీ రాసుకుంటేనే అది బతుకుతుంది. మళ్లీ రాసుకునేది పాఠం ఉన్న పుస్తకాన్నే.

రాసుకున్నవాళ్లు వ్యాఖ్యానాలూ రాశారు. 1545లో గణేశ దైవజ్ఞుడి బుద్ధివిలాసిని ఏ సూత్రం ఎందుకు నిజమో ఉపపత్తులతో, అంటే రుజువులతో, చూపించింది. బీజగణితానికి కృష్ణ దైవజ్ఞుడి బీజపల్లవం వచ్చింది. కేరళలో లీలావతికి శంకర వారియర్ మొదలుపెట్టిన క్రియాక్రమకరి అనే వ్యాఖ్యానాన్ని నారాయణుడు పూర్తి చేశాడు. సూత్రం శ్లోకంలో బిగించి ఉండటం వల్లే ఇదంతా సాధ్యమైంది. శిష్యుడు శ్లోకం కంఠస్థం చేస్తాడు, గురువు విప్పి చెబుతాడు, ఆ విప్పి చెప్పినది ఇంకో పుస్తకమవుతుంది. తెలుగులో ఎలుగంటి పెద్దన ప్రకీర్ణ గణితం పేరుతో లీలావతిని పద్యాల్లోకి తెచ్చాడు. పారసీలో ఫైజీ తర్వాత అతావుల్లా రషీదీ షాజహాన్ కాలంలో బీజగణితాన్ని అనువదించాడు. అతను తాజ్‌మహల్ శిల్పిగా పేరొందిన ఉస్తాద్ అహ్మద్ కొడుకు. ఆ పారసీ పుస్తకం మీంచి 1813లో స్ట్రాచీ ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1816లో టేలర్ లీలావతిని, 1817లో కోల్‌బ్రూక్ రెంటినీ నేరుగా సంస్కృతం నుంచి ఇంగ్లీషు చేశారు. యూరప్ పండితులకు భారతీయ బీజగణితం అంటే ఏమిటో తెలిసింది ప్రధానంగా ఈ పుస్తకాల వల్లే.

భాస్కరుడి సొంత ఆలోచనలో కొత్తదనం లేదని ఈ మాటలకు అర్థం కాదు. గోలాధ్యాయంలో గోళం ఉపరితలాన్ని లెక్కగట్టేటప్పుడు బంతి చుట్టూ అల్లిన వలను ఊహించుకోమంటాడు. వ్యాసాన్ని చుట్టుకొలతతో గుణిస్తే ఉపరితలం వస్తుందని సరిగ్గా చెప్పాడు. గ్రహం ఒక రోజులో ఎంత నడుస్తుందన్నది స్థూలమని, ఆ క్షణపు నడక వేరని గుర్తించి దానికి 'తాత్కాలిక గతి' అని పేరు వాడాడు. ఆ గతిని రాబట్టడానికి జ్యా (సైన్) విలువలో వచ్చే సూక్ష్మమైన మార్పు కోజ్యాకు (కొసైన్‌కు) అనులోమంగా ఉంటుందన్న విషయం వాడుకున్నాడు. కలనగణితం (కాలిక్యులస్) అంచుదాకా వచ్చిన ఆలోచన అది. సున్నాతో భాగిస్తే వచ్చేదాన్ని 'ఖహరం' అని, దానికి ఎంత కలిపినా తీసినా మార్పు ఉండదని, ప్రళయంలో జీవులన్నీ చేరినా సృష్టిలో బయటికి వచ్చినా అచ్యుతుడిలో మార్పు లేనట్టని పోల్చాడు. అయితే అదే సున్నాతో మళ్లీ గుణిస్తే మొదటి సంఖ్య తిరిగొస్తుందని కూడా అన్నాడు. నేటి గణితం దీన్ని ఒప్పుకోదు.

వాట్సాప్‌లో తిరిగే ఇంకో మాట ఉంది: న్యూటన్ కంటే అయిదు వందల ఏళ్ల ముందే భాస్కరుడు గురుత్వాకర్షణ నియమం కనిపెట్టాడని. గోలాధ్యాయంలో 'ఆకృష్టిశక్తిశ్చ మహీ' అన్న శ్లోకం నిజంగానే ఉంది. భూమికి ఆకర్షించే శక్తి ఉందని, ఆకాశంలోని బరువైన వస్తువును తనవైపు లాక్కుంటుందని, అందుకే అది పడుతున్నట్టు కనిపిస్తుందని చెబుతుంది. మరి భూమే ఎక్కడ పడుతుంది, చుట్టూ ఆకాశం సమానంగా ఉంటే, అని అడుగుతుంది కూడా. భూమికి ఆధారం ఏదో ఉండాలనుకునేవాళ్లకు అది గట్టి జవాబు. కానీ ఆ లాగుడు దూరాన్ని బట్టి ఎంత తగ్గుతుంది, చంద్రుణ్ణి, గ్రహాలను నడిపేది కూడా అదేనా అన్నది అందులో లేదు. న్యూటన్ నియమం అంటే అదే. లేనిది అంటగట్టినకొద్దీ ఉన్నదాన్ని చదివేవాళ్లు తగ్గిపోతారు, నష్టం అక్కడే జరుగుతుంది. 61 లెక్క ఒక్కటి కాగితం మీద వేసి చూసినవాడికి భాస్కరుడి గొప్పతనం గురించి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఆధునిక భారతం అతని పేరును ఉపగ్రహాలకు పెట్టుకుంది. 1979 జూన్‌లో భాస్కర-1, 1981 నవంబర్‌లో భాస్కర-2 కక్ష్యలోకి వెళ్లాయి. ఏడో శతాబ్దంలో ఇంకో భాస్కరుడు, అతనూ గొప్ప గణితవేత్తే, ఉన్నాడు కాబట్టి ఆ గౌరవం ఇద్దరిదీ.

2010 ఆగస్టులో అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ హైదరాబాద్‌లో జరిగింది. నాలుగేళ్లకోసారి జరిగే ఆ సభ భారత్‌కు రావడం అదే మొదటిసారి. గణితంలో అత్యున్నతమైన ఫీల్డ్స్ పతకాలు ఇచ్చిన ఆ సభలోనే లీలావతి పేరుతో ఒక కొత్త పురస్కారం మొదలైంది. కొత్త సిద్ధాంతం కనిపెట్టినవాళ్ల కోసం పెట్టింది కాదది. గణితాన్ని మామూలు జనం దగ్గరికి తీసుకెళ్లేవాళ్లకు ఇస్తారు.